పాత మస్టాంగ్ డిక్కీలో స్టెప్నీ, జాకీ సర్దడం: కింద పెట్రోలు ట్యాంకు ఉంది, జాగ్రత్త

డిక్కీ మూత ఎత్తి, లోపల పరిచిన చాపను పక్కకు లాగండి. మధ్యలో కనిపించే వెడల్పాటి రేకును చూసి కారు నేల అనుకుంటారు చాలామంది. 1964 నుంచి 1970 దాకా వచ్చిన ఫోర్డ్ మస్టాంగ్‌లలో అది నేల కాదు, పెట్రోలు ట్యాంకు పైభాగం. డిక్కీ అడుగున పెద్ద ఖాళీ వదిలి, ట్యాంకును పైనుంచి అందులోకి దించి, దాని అంచును చుట్టూ మరలతో బిగించారు. ఖర్చు తగ్గింది, బరువు తగ్గింది, ఫ్యాక్టరీలో పని తేలికయింది. దాదాపు 60 లీటర్ల పెట్రోలు మీద మన సామాను కూర్చుంటోంది.

మరో సంగతి. కూపే, అంటే విడిగా డిక్కీ ఉండే రెండు తలుపుల మోడల్‌లో డిక్కీకీ వెనక సీటుకూ మధ్య ఇనుప గోడ లేదు. సీటు వీపు, దాని వెనక ఒక అట్ట పలక, అంతే. అందువల్ల డిక్కీలో వదులుగా ఉన్న ప్రతి వస్తువుకూ రెండు దారులు తెరిచి ఉన్నాయి: కిందికైతే ట్యాంకు, ముందుకైతే పిల్లలు కూర్చునే సీటు. ఇనుప చక్రంతో కలిపి స్టెప్నీ సుమారు 16 కిలోలు ఉంటుంది. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న కారు దేనికైనా గుద్దుకుని ఆగిపోతే, కట్టని స్టెప్నీ మాత్రం అదే వేగంతో ముందుకు వెళ్తుంది. పది మీటర్ల ఎత్తునుంచి, అంటే దాదాపు మూడో అంతస్తు నుంచి కింద పడిన వస్తువుకు ఉండే వేగం అది. ఈ లెక్క తెలిశాక డిక్కీ సర్దడాన్ని అలంకారం పనిగా చూడలేం.

ఇక్కడ చెప్పేది 1965, 1966 కూపేలను దృష్టిలో పెట్టుకుని. అమెరికాలో స్థిరపడిన మనవాళ్లలో పాత కారు మోజు ఉన్నవారు మొదట చూసే బండ్లలో ఇదొకటి. విడిభాగాలు కొత్తవి తయారై దొరకడం, ఇంటి గరాజ్‌లోనే పని చేసుకోగలగడం అందుకు కారణం.

మొదటి మెట్టు: ముక్కుతో మొదలు

డిక్కీలో ఉన్నదంతా బయట పెట్టండి. పాత యజమాని వదిలి వెళ్లిన నూనె గుడ్డలు, తుప్పు పట్టిన గొలుసు, ఏ బండిదో తెలియని హబ్‌క్యాప్, అన్నీ. తర్వాత మూత వేసి, రాత్రంతా అలాగే వదిలేసి, తెల్లవారి తెరవగానే వాసన చూడండి. పాత కారుకు కాస్త పెట్రోలు వాసన మామూలే అని సర్దిచెప్పేవారు చాలామంది ఉంటారు. వారి మాట వినకండి. వాసన వస్తోందంటే ఆవిరి ఎక్కడినుంచో వస్తోంది, ఆ చోటు దొరికేదాకా స్టెప్నీ సంగతి ఆలోచించనక్కరలేదు.

ఎక్కువసార్లు దోషి పెట్రోలు పోసే గొట్టమే. ఈ కారులో పెట్రోలు మూత వెనక భాగం నడిమధ్యన ఉంటుంది. అక్కడినుంచి ఇనుప గొట్టం డిక్కీ లోపలికి వచ్చి, పొట్టి రబ్బరు గొట్టం ద్వారా ట్యాంకుకు కలుస్తుంది. ఆ రబ్బరును వేళ్లతో నొక్కి చూడండి. గట్టిపడి గీతలు పడినా, మెత్తగా జిగురుగా తగిలినా మార్చవలసిందే. కొత్తది కొనేటప్పుడు పెట్రోలుకు పనికొచ్చే రకమేనా అని చూడండి. రేడియేటరు గొట్టం కొలత సరిపోయిందని దాన్ని తగిలించినవారు ఉన్నారు. నీటికోసం చేసిన రబ్బరు పెట్రోలులో ఉబ్బి, కుళ్లి, చివరికి కారుతుంది. ఈనాటి పెట్రోలులో కలిసే ఇథనాల్ పాత రబ్బరును మరింత త్వరగా తినేస్తుంది. రెండు వైపులా క్లిప్పులు బిగించాక ట్యాంకు నిండా పోయించి మరోసారి వాసన చూడండి, ఎందుకంటే పై అంచుల్లోని లీకు సగం ట్యాంకుతో బయటపడదు.

ట్యాంకు అంచు చుట్టూ ఉన్న సీలు కూడా చూడాలి. అది ఎండి పెచ్చులుగా లేస్తుంటే రోడ్డు మీది నీళ్లు, దుమ్ము, సైలెన్సర్ పొగ లోపలికి వస్తాయి.

రెండో మెట్టు: నీళ్లు ఎక్కడ నిలుస్తున్నాయి

ట్యాంకుకు రెండు పక్కలా, వెనక చక్రాల వెనుకగా, నేల పల్లంగా దిగి జేబుల్లా ఉంటుంది. డిక్కీలోకి వచ్చిన ప్రతి చుక్కా చివరికి అక్కడికే చేరుతుంది. మిషిగన్, ఒహాయో వంటి చోట్ల చలికాలం రోడ్ల మీద చల్లే ఉప్పు కింది నుంచి, నిలిచిన నీళ్లు పైనుంచి తింటే ఆ రేకు ఎంతకాలమో నిలవదు. స్క్రూడ్రైవర్ పిడితో మెల్లగా తట్టండి. గట్టి రేకు ఖంగుమంటుంది. పుచ్చిన రేకు డప్పడప్పుమంటుంది, పెయింటు కింద పొడి రాలుతుంది.

నీరు వచ్చే దారులు ముఖ్యంగా రెండు: మూత చుట్టూ ఉన్న రబ్బరు అంచు, వెనక లైట్ల గాస్కెట్లు. రబ్బరు అంచు మీద సుద్దపొడి రాసి మూత వేసి తీయండి. మూత లోపలి రేకు మీద గీత ఎక్కడ తెగిందో అక్కడ రబ్బరు తగలడం లేదన్నమాట. లైట్ల సంగతి తేల్చాలంటే ఒకరు బయట గొట్టంతో నీళ్లు కొడుతుండగా, మరొకరు వెనక సీటు తీసి టార్చి వేసి చూడాలి.

తుప్పు కనిపిస్తే చేత్తో వైర్ బ్రష్ పెట్టి గీకండి. నిప్పురవ్వలు రేపే గ్రైండరు గాని, వెల్డింగు గాని చేయాల్సి వస్తే ముందు ట్యాంకు దించి బయట పెట్టవలసిందే. ఖాళీ ట్యాంకు కదా అనుకోవద్దు. నిండు ట్యాంకు కంటే ఆవిరి నిండిన ఖాళీ ట్యాంకే ప్రమాదకరం.

పల్లాల్లోని రబ్బరు బిరడాలు కొత్తవి వేసుకోండి. వాటిని పూర్తిగా సీలు చేసి పారేసేవారూ ఉన్నారు. నాకు అది నచ్చదు. ఎప్పుడైనా నీరు చేరితే పీకి వదిలేందుకు దారి ఉండాలి.

మూడో మెట్టు: పరుపు

ఇది చిన్న పని. స్టెప్నీ నేరుగా రేకు మీద కూర్చోకూడదు. ఆనాటి వినైల్ చాపలను పోలినవి, బూడిద, నలుపు గళ్లతో, ఇప్పుడూ తయారవుతున్నాయి. చూడ్డానికి బాగుంటాయి గాని పలుచన. చక్రం వచ్చే చోట చాప కింద నీరు పీల్చని దళసరి రబ్బరు ముక్క వేయండి. పాత దుప్పటి, గోనెపట్టా, ఇంట్లో మిగిలిన కార్పెట్ ముక్క పనికిరావు. ఒకసారి తడిస్తే వారం రోజులు ట్యాంకు నెత్తిన తడిగుడ్డ కప్పినట్టే.

నాలుగో మెట్టు: ఈ స్టెప్నీ ఈ కారుదేనా?

నవ్వకండి. ఆరు సిలిండర్ల మస్టాంగ్‌కు చక్రానికి నాలుగు బోల్టులు, ఎనిమిది సిలిండర్ల వి-8 ఇంజను ఉన్నదానికి అయిదు. ఈ 60 ఏళ్లలో ఎన్నో ఆరు సిలిండర్ల బండ్లకు వి-8 ఇంజన్లు, వాటితోపాటు అయిదు బోల్టుల ఇరుసులూ బిగించారు. డిక్కీలోని స్టెప్నీని మాత్రం ఎవరూ తలచుకోలేదు. నాలుగు రంధ్రాల చక్రం అక్కడే, తళతళలాడుతూ, ఎందుకూ పనికిరాకుండా పడి ఉంటుంది. ముందు రంధ్రాలు లెక్కపెట్టండి.

అవి సరిపోయినా ఒకసారి నిజంగా తగిలించి చూడాలి, ముందు చక్రం దగ్గర ఒకసారి, వెనక చక్రం దగ్గర ఒకసారి. డ్రమ్ బ్రేకులు తీసి డిస్క్ బ్రేకులు వేసిన కార్లలో పాత ఇనుప చక్రం కాలిపర్‌కు (డిస్క్‌ను పట్టి ఆపే భాగానికి) రాసుకోవడం మామూలు. తగిలించాక చేత్తో చక్రం ఒక పూర్తి చుట్టు తిప్పండి. గీరుకున్న శబ్దం వస్తే అది ముందు చక్రం చోట పనికిరాదు.

నట్లు మరో మెలిక. అలాయ్ చక్రాలు వేయించుకున్నవారి దగ్గర ఆ చక్రాలకు మాత్రమే పనికొచ్చే నట్లు ఉంటాయి. పాత ఇనుప చక్రానికి కోసుగా, శంకువులా దిగే నట్లు కావాలి. అలాంటివి చక్రానికి సరిపడా ఒక సెట్టు గుడ్డసంచిలో వేసి స్టెప్నీ దగ్గరే ఉంచండి. లేకపోతే రోడ్డు పక్కన చక్రం ఉంటుంది, జాకీ ఉంటుంది, బిగించడానికి ఏమీ ఉండదు.

టైరు వయసు చూడటం తేలిక. పక్క గోడ మీద డీఓటీ అనే అక్షరాల తర్వాత వచ్చే వరుసలో చివరి నాలుగు అంకెలు 2319 అయితే 2019లో 23వ వారం తయారైందని అర్థం. మూడే అంకెలు ఉంటే 2000కు ముందుది, దాన్ని గోడకు వేలాడదీసుకోవచ్చు. గాట్లు కొత్తగా ఉన్నాయి కదా అనే వాదన చెల్లదు. రబ్బరు తిరగకపోయినా ముసలిదవుతుంది. చాలా కంపెనీలు స్టెప్నీతో సహా 10 ఏళ్లు దాటిన టైరును మార్చమంటాయి. ఆనాటి బయాస్ టైరు (లోపలి దారాలు ఏటవాలుగా పోయేది) స్టెప్నీగా ఉండి, కింద నాలుగూ రేడియల్ టైర్లయితే (దారాలు అడ్డంగా పోయే ఈనాటి రకం), ఆ రెండూ కలిసినప్పుడు బండి మలుపులో ఒకలా, బ్రేకు వేసినప్పుడు మరోలా లాగుతుంది. ప్రదర్శనకు అది ఉంచుకోండి, ప్రయాణానికి మరొకటి పెట్టుకోండి. మస్టాంగ్ క్లబ్ ఆఫ్ అమెరికా పోటీల్లో న్యాయనిర్ణేతలు డిక్కీలోని స్టెప్నీ, జాకీలను కూడా చూస్తారు కాబట్టి, ఇలా రెండు స్టెప్నీలు ఉంచుకునే యజమానులు అరుదేమీ కాదు.

గాలి, కింద నాలుగింటికి పెట్టేదాని కంటే మూడు నాలుగు పీఎస్ఐ ఎక్కువ పెట్టండి, టైరు మీద రాసిన గరిష్ఠం దాటకుండా. డిక్కీలో ఉన్నా గాలి మెల్లగా దిగుతూనే ఉంటుంది. వాల్వు చేతికి అందేలా చక్రాన్ని తిప్పి పెట్టుకుంటే, గేజి పెట్టాలంటే మొత్తం విప్పే బాధ ఉండదు. ఆ బాధ ఉన్నచోట ఎవరూ గాలి చూడరు.

అయిదో మెట్టు: కొక్కెం బోల్టు

ఇదే అసలు పని, నిదానంగా చేయండి. మూత లోపలి వైపు ఫోర్డ్ వారు అతికించిన సూచనల కాగితం ఉంటుంది. చిరిగిపోయి ఉంటే కొత్త ప్రతులు దొరుకుతాయి. చక్రం ఏ ముఖం పైకి ఉండాలో, జాకీ ముక్కలు ఏ వరుసలో రావాలో మీ మోడల్‌కు అందులో బొమ్మతో ఉంటుంది, దాన్నే పాటించండి. సూత్రం మాత్రం ఒకటే. చక్రం పడుకుని ఉంటుంది. కింద బ్రాకెట్‌లో తగిలించిన కొక్కెం బోల్టు చక్రం నడిమి రంధ్రం గుండా పైకి వస్తుంది. దానిమీద బిగించే రెక్కల నట్టు మొత్తాన్ని కిందికి అదిమి పట్టుకుంటుంది.

బోల్టును చేతిలోకి తీసుకుని చూడండి. కొక్కెం వంపు దగ్గర సన్నటి పగులు, అరిగిన మెరుపు ఉన్నాయా? మరలు వైర్ బ్రష్‌తో శుభ్రం చేశాక నట్టు చివరిదాకా వేళ్లతో తిరుగుతోందా? సగంలో పట్టేస్తే, మీరు బిగిసిందనుకున్నది చక్రం వల్ల కాదు, తుప్పు వల్ల. అలాంటి నట్టు చూపులకు గట్టిగా ఉంటుంది, వంద మైళ్ల తర్వాత చక్రం మాత్రం గిలగిలలాడుతుంది. బోల్టు కొత్తది కొనడమే మేలు, ధర కూడా తక్కువే.

కొక్కెం తగిలించాక దాని అడుగు కొస ట్యాంకు రేకుకు తగలడం లేదని టార్చి వేసి చూడండి. పొడవు సరిపోలేదని ఇనుప కమ్మీ వంచి సొంతంగా చేసుకునేవారు ఈ విషయం మరిచిపోతారు. వెడల్పాటి కొత్త చక్రాలు వేసుకున్నవారికి పాత బోల్టు పొట్టిదవుతుంది. అప్పుడు పొడవైనది కొనాలి, నాలుగైదు మరలు మాత్రమే పట్టిన నట్టుతో సరిపెట్టుకోకూడదు.

నట్టుకూ చక్రానికీ మధ్య వెడల్పాటి వాషరు, దాని కింద రబ్బరు బిళ్ల వేసి, చేత్తో గట్టిగా బిగించండి. ప్లయర్ పెట్టి బలం చూపవద్దు. కింది బ్రాకెట్ రేకుకు అతికినది, లాగితే ఊడివస్తుంది.

బ్రాకెట్ ఇప్పటికే ఊడిపోయి ఉంటే ఏం చేయాలి? ఒకే ఒక్కటి చేయకూడదు: డ్రిల్లు తీయకూడదు. కొత్త బ్రాకెట్ కోసం ఆ రేకులో రంధ్రం వేస్తే తిన్నగా ట్యాంకులోకే. స్పీకర్లు, ఆంప్లిఫయర్, పెట్టెలు బిగించుకునేవారికి కూడా ఇదే మాట. రెండంగుళాల మర చాలు. ట్యాంకు దించి, ఇరుపక్కల అసలు నేల రేకు మీద వెల్డింగు చేయించడమే సరైన మార్గం. అది అయ్యేదాకా స్టెప్నీని గరాజ్‌లో ఉంచి, దగ్గరి దూరాలకే తిరగండి.

ట్యాంకు ఎలాగూ దించుతున్నారు కనుక, దానిమీద ఒక ఇనుప పలక, డిక్కీకీ సీటుకూ మధ్య ఒక రేకు గోడ వేయించుకోవచ్చు. ఈ కారు కోసమే కొలతకు తయారైన పలకలు అమ్ముతారు. పోటీలో మార్కులు పోతాయి. కుటుంబంతో తిరిగే బండి అయితే నేను మార్కులు వదులుకోమనే అంటాను.

ఆరో మెట్టు: జాకీ

ఆనాటి జాకీ బంపర్ జాకీ. ఇనుప పీఠం, గాట్లున్న నిలువు కమ్మీ, దాన్ని పాకుతూ ఎక్కే యంత్రం, బంపర్‌ను పట్టే కొక్కెం. చక్రం నట్లు విప్పే స్పానరే దానికి పిడి. అన్నీ ఉన్నాయో లేదో ఒకసారి నేల మీద పరిచి చూసుకోండి. ఎక్కువగా కనిపించకుండా పోయేది పీఠమే, అది లేకుండా మిగిలినవన్నీ ఇనుప తుక్కు. కమ్మీ గాట్లకు పలుచని నూనె పూయండి. గ్రీజు దుమ్మును పట్టుకుని యంత్రాన్ని మొరాయింపజేస్తుంది. పైకీ కిందికీ మార్చే మీట రెండు వైపులా టక్కున పడుతోందో లేదో, బరువు లేనప్పుడే చూడండి.

పీఠం స్టెప్నీ పక్కన దొర్లకుండా, చక్రం గుంటలోనే కొక్కెం బోల్టు కింద ఇమిడితే మంచిది. పొడవైన కమ్మీ, స్పానర్‌లది వేరే సమస్య. రెండూ కొసలు వాడిగా ఉన్న ఇనుప కడ్డీలు, వదిలేస్తే బ్రేకు వేసినప్పుడల్లా ఒకసారి ట్యాంకును, ఒకసారి పెట్రోలు గొట్టాన్ని పొడుస్తాయి. దళసరి కాన్వాస్ సంచి కుట్టించి, ఒక్కొక్కటి వేరే అరలో దూర్చి, చుట్ట చుట్టి, తోలు పట్టీతో స్టెప్నీకే కట్టేయండి. లైట్ల వైర్లు పోయే అంచున పెట్టవద్దు. ఎవరైనా బ్యాటరీని డిక్కీలోకి మార్చి ఉంటే, దానికి మూతపెట్టె తప్పనిసరి. స్పానర్ రెండు టెర్మినళ్లకు అడ్డంగా పడితే ఏమవుతుందో, కింద ఏముందో కలిపి ఆలోచించండి.

బంపర్ జాకీని నేను ప్రదర్శనకే ఉంచుకోమంటాను. కారు అంత ఎత్తున ఒక్క బంపర్ మీద వేలాడుతుంది, నేల కాస్త వాలుగా ఉన్నా పీఠం జారుతుంది. పైగా 60 ఏళ్ల బంపర్ బ్రాకెట్లు లోపల ఎంత పుచ్చాయో పైకి తెలియదు. వాడకానికి ఒకటిన్నర టన్నుల కత్తెర జాకీ, దాని కింద వేయడానికి అడుగు చదరపు ప్లైవుడ్ ముక్క ఉంచుకోండి. కొత్త కార్లలో కత్తెర జాకీని కాస్త విప్పి రెండు రేకుల మధ్య ఇరికించి నిలుపుతారు. ఈ డిక్కీలో ఆ చిట్కా వద్దు, ఒత్తిడి ట్యాంకు మీద పడుతుంది. దాన్నీ సంచిలో వేసి కట్టాల్సిందే. సీసా ఆకారపు హైడ్రాలిక్ జాకీ అయితే నిలబెట్టే ఉంచాలి. పడుకోబెడితే సీళ్ల నుంచి నూనె కారి, అవసరమైన రోజున పైకి లేవదు.

ఏడో మెట్టు: ఊపి చూడటం

కారు వెనక భాగాన్ని రెండు చేతులతో గట్టిగా నాలుగైదుసార్లు నొక్కి వదలండి. తర్వాత ఖాళీ పార్కింగ్ స్థలంలో గట్టిగా ఒక బ్రేకు, కుడికి ఒక మలుపు, ఎడమకు ఒక మలుపు. టంగుమన్న శబ్దం ఎక్కడినుంచి వచ్చినా వదలవద్దు. తిరిగి వచ్చాక చాప మీద కొత్త మెరుపు గీత, రాపిడి గుర్తు ఉన్నాయేమో చూడండి, ఏది కదులుతోందో అవే చెబుతాయి. కొత్త రబ్బరు అణిగి నట్టు వదులవుతుంది కనుక వంద మైళ్ల తర్వాత మరోసారి, ఆపై ఇంజను ఆయిల్ మార్చిన ప్రతిసారీ బిగించుకోండి.

రాత్రివేళ ఇంటి ముందు ఒకసారి మొత్తం విప్పి, చక్రం మార్చి, తిరిగి సర్దండి. టార్చి స్టెప్నీ కింద పెట్టారని, చేతి తొడుగులు సంచి అడుగున ఉన్నాయని, చక్రాలకు అడ్డం పెట్టే చెక్కలు అసలు లేనే లేవని ఆ రాత్రే తెలుస్తుంది. మెరిసే త్రికోణం అన్నిటికంటే పైన ఉండాలి. హైవే అంచున ముందు కావాల్సింది అదే.

ఇతర పాత కార్లకు లెక్క మారుతుంది. ఫోక్స్‌వ్యాగన్ బీటిల్‌లో స్టెప్నీ ముందు వైపు ఉంటుంది, కొన్నేళ్ల మోడళ్లలో అద్దం కడిగే నీళ్లు చిమ్మడానికి ఆ టైరులోని గాలినే వాడుకున్నారు, కాబట్టి అక్కడ గాలి ఇంకా తరచుగా చూడాలి. మోరిస్ మైనర్‌లో సామాను పలక కింద స్టెప్నీకి విడిగా అర ఉంటుంది, అక్కడ పట్టించుకోవలసింది తేమే. విశాఖ, కాకినాడ వంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో అలాంటి అరను నెలకొకసారి తెరిచి ఆరబెట్టాలి.

చివరగా, పంక్చర్ అయిన చక్రం సంగతి. స్టెప్నీ రోడ్డు మీదికి వెళ్లాక దాని చోటికి వచ్చే చక్రం తడిగా, బురదగా, ఒక్కోసారి చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటుంది. తొందరలో దాన్ని డిక్కీలో పడేసి మూత వేసి బయలుదేరడం అందరూ చేసే పనే. చేసిన సర్దుబాటంతా ఆ ఒక్క నిమిషంలో వృథా. దీనికోసం సంచిలో ఒక దళసరి ప్లాస్టిక్ పట్టా మడిచి ఉంచండి. దాన్ని పరిచి, చక్రాన్ని పది నిమిషాలు చల్లారనిచ్చి, పెట్టి, అదే కొక్కెం బోల్టుతో బిగించండి. గాలి దిగిన టైరు అణిగి ఉంటుంది కనుక నట్టు ఇంకాస్త కిందికి దిగుతుంది, బోల్టు మీద మరలు అంతదాకా ఉన్నాయో లేదో ఇంట్లోనే చూసుకోవాలి. లేకపోతే రెండు మూడు వాషర్లు అదనంగా ఆ నట్ల సంచిలోనే వేసి ఉంచండి.